కిడ్నీ మారింది, బరువు పెరిగింది: ఇప్పుడు పొట్ట ఆపరేషన్ చేయించుకోవచ్చా?

2021 ఫిబ్రవరి 2న హైదరాబాద్‌లోని నాగోల్ స్టేషన్‌లో బయల్దేరిన ఒక మెట్రో రైలు మధ్యలో ఎక్కడా ఆగకుండా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు వెళ్లింది. అందులో మామూలు ప్రయాణికులు లేరు. డాక్టర్లు ఉన్నారు, వాళ్ల చేతిలో ఒక పెట్టె ఉంది. ఎల్బీ నగర్ కామినేని ఆస్పత్రిలో బ్రెయిన్‌డెడ్ అయిన ఒక రైతు గుండె ఆ పెట్టెలో ఉంది. 21 కిలోమీటర్ల దూరాన్ని రైలు అరగంటలోపే దాటింది. అపోలోలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం దాన్ని మరో మనిషికి అమర్చింది. 2025 జనవరి 17న మళ్లీ కామినేని నుంచే ఇంకో గుండె లక్డీకాపూల్‌లోని గ్లోబల్ ఆస్పత్రికి మెట్రోలో వెళ్లింది. ఈసారి 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు.

టీవీలు ఇక్కడిదాకా చూపిస్తాయి. ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ జనానికి అవయవ మార్పిడి అంటే గ్రీన్ ఛానెల్, సైరన్, ఉరుకులు పరుగులు. అవయవం అందుకున్న మనిషి రెండేళ్ల తర్వాత ఎలా ఉన్నాడన్నది ఎవరికీ వార్త కాదు. చాలామంది బాగానే ఉంటారు. ఆఫీసుకు పోతారు, పిల్లల పెళ్లిళ్లు చేస్తారు. కాకపోతే లావెక్కుతారు.

మన రాష్ట్రంలో జరిగే మార్పిడుల్లో కిడ్నీలదే పెద్ద వాటా. 2013లో మొదలై నిమ్స్ కేంద్రంగా నడుస్తున్న జీవన్‌దాన్ అవయవదాన పథకం ద్వారా వచ్చేవి కొన్ని, అమ్మో అక్కో భార్యో ఇచ్చేవి కొన్ని. కిడ్నీ పెట్టించుకున్నవాళ్లు మొదటి ఏడాదిలో సగటున 5 నుంచి 10 కిలోలు పెరుగుతారని అనేక దేశాల లెక్కలు చెబుతున్నాయి. సగటు అంటే కొందరు పెరగరు, కొందరు 25 కిలోలు పెరుగుతారు. ఆ రెండో రకం వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తట్టే ప్రశ్న ఇది: బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. అందరికీ కాదు, కొందరికి. అయితే అవునా కాదా, ఏ రకం, ఎప్పుడు అన్నవి బరువు తూచి తేల్చే సంగతులు కావు. రోజూ పొద్దునా రాత్రీ మింగే గోలీల దగ్గర తేలతాయి.

ముందు, బరువు ఎందుకు పెరుగుతుందో చూద్దాం. డయాలసిస్ రోజులు గుర్తున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు మంచం మీద. తాగే నీళ్లకు కొలత. కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు, టమాటా తగ్గించు, ఆకుకూర ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండు. అన్నీ పొటాషియం భయాలే. పైగా ఒంట్లో మలినాలు పేరుకుంటే ఆకలి చచ్చిపోతుంది, నోరంతా ఇనుము నాకినట్టు ఉంటుంది. కొత్త కిడ్నీ పనిచేయడం మొదలైన కొద్దిరోజుల్లోనే ఇదంతా తిరగబడుతుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె దిగుతుంది, నాలుకకు రుచి వస్తుంది, ఆకలి వస్తుంది. ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? "ఇన్నాళ్లూ నోరు కట్టేసుకున్నవ్, ఇప్పుడన్నా మంచిగ తిను బిడ్డా" అని ఇంకో గరిటె వడ్డిస్తారు. వాళ్లనేం అంటాం!

దీనికి తోడు మందులు. వైసోలోన్ అని మనవాళ్లు పిలిచే ప్రెడ్నిసలోన్ ఒక స్టెరాయిడ్. కొత్త అవయవాన్ని శరీరం తోసేయకుండా అది కాపాడుతుంది. అదే ఆకలిని రేపుతుంది, కొవ్వును మొహానికి, పొట్టకు, మెడ వెనక్కి చేరుస్తుంది, కండను కరిగిస్తుంది. అందుకే కాళ్లూ చేతులూ సన్నగా, మొహం మాత్రం గుండ్రంగా కనిపిస్తుంది. చుట్టాలు చూసి "ఒళ్లు చేసినవే" అని మెచ్చుకుంటారు. ఇక టాక్రోలిమస్. పేషెంట్లు, డాక్టర్లు అందరూ టాక్రో అంటారు. అది క్లోమంలో ఇన్సులిన్ తయారీని దెబ్బతీస్తుంది. స్టెరాయిడేమో ఉన్న ఇన్సులిన్‌ను శరీరం లెక్కచేయకుండా చేస్తుంది. రెండూ కలిస్తే, అంతకుముందు షుగర్ లేని మనిషికి మార్పిడి తర్వాత షుగర్ వస్తుంది. అసలే మనది చిన్న పొట్టకే షుగర్ వచ్చే జాతి.

కిడ్నీకి దీంతో ఏం నష్టం? పెద్ద శరీరం విడుదల చేసే మలినాలన్నిటినీ ఒక్క కిడ్నీయే వడకట్టాలి. అందులోని వడపోత గుత్తులు అదనపు ఒత్తిడితో పనిచేసి, కొన్నేళ్లకు మూత్రంలోకి ప్రొటీన్ వదలడం మొదలుపెడతాయి. బీపీ, షుగర్ ఆ పని ఇంకా తొందర చేస్తాయి. కాలేయం మార్పించుకున్నవాళ్ల కథ మరీ విచిత్రం. కొవ్వు పట్టి చెడిన కాలేయాన్ని తీసేసి కొత్తది పెడితే, బరువు తగ్గకపోతే కొత్తదానికీ కొవ్వు పడుతుంది.

బరువు లెక్కకు డాక్టర్లు వాడేది బీఎంఐ. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. అయిదడుగుల అయిదంగుళాల మనిషిని, అంటే 165 సెంటీమీటర్లు, తీసుకుందాం. 68 కిలోల దగ్గర బీఎంఐ 25. దాదాపు 75 కిలోలకు 27.5. 95 కిలోలకు 35. 109 కిలోలకు 40. ఈ అంకెలు కాస్త గుర్తుపెట్టుకోండి, డబ్బుల దగ్గర మళ్లీ పనికొస్తాయి. బరువు తగ్గే ఆపరేషన్లు చేసే సర్జన్ల సంఘాలు రెండు 2022లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చాయి. బీఎంఐ 35 దాటితే ఇతర జబ్బులు లేకున్నా ఆపరేషన్ సిఫారసు చేయవచ్చనీ, ఆసియా వాళ్ల విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చనీ అందులో ఉంది. మార్పిడి అయినవాళ్లకు ఏ డాక్టరూ ఈ అంకె ఒక్కటే చూసి కత్తి పట్టడు. అయినా 95 కిలోలుండి, మార్పిడి తర్వాత షుగర్ వచ్చి, ఇన్సులిన్ డోసు నెలనెలా పెంచాల్సి వస్తున్న మనిషికి "వాకింగ్ చెయ్యి, రైస్ తగ్గించు" అని చెప్పి పంపేయడం కూడా వైద్యం కాదని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. బరువు తగ్గే ఆపరేషన్ అనగానే తెలుగువాళ్లకు సినీ నటి ఆర్తి అగర్వాల్ గుర్తొస్తుంది. 2015 జూన్ 6న న్యూజెర్సీలో ఆమె చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నట్టు వార్తలొచ్చాయి. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చే పద్ధతి. ఆకారం మార్చడానికి చేసేది. అది ఆకలినీ మార్చదు, షుగర్‌నూ మార్చదు. మనం మాట్లాడుకుంటున్న బేరియాట్రిక్ ఆపరేషన్ జీర్ణాశయం మీద, పేగుల మీద చేసేది. 2023లో మన ఉస్మానియా ఆస్పత్రిలో 240 కిలోల యువకుడికి చేసింది ఈ కోవకు చెందినదే. రెండింటినీ ఒకే గాటన కట్టి భయపడేవాళ్లు, ఆశపడేవాళ్లు ఇద్దరూ ఉన్నారు.

ఈ ఆపరేషన్లలో ఇప్పుడు ఎక్కువ జరిగేవి రెండు. పాతది బైపాస్. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ దాని తొలి రూపం చేశాడు. జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచిని విడదీసి, పేగును కింద కోసి, పైకి లాగి ఆ సంచికి కలుపుతారు. తిన్నది జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండా దాటిపోతుంది. రెండోది స్లీవ్. ఇందులో పేగుల జోలికి పోరు.

స్లీవ్ ఎలా చేస్తారో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు. లోపల చోటు కోసం కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. మార్పిడి పేషెంటుకు ఈ గ్యాస్ ఒత్తిడి వీలైనంత తక్కువ ఉంచుతారు, ఎందుకంటే అది కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తుంది. నోట్లోంచి ఒక గొట్టాన్ని జీర్ణాశయం అడుగుదాకా దింపుతారు, దాని మందం సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ. ఆ గొట్టాన్ని ఆనుకుని స్టేప్లర్ నడుపుతారు. అది నొక్కిన ప్రతిసారీ రెండు వైపులా వరసలుగా సన్నని క్లిప్పులు వేసి, మధ్యలో కోస్తుంది. అయిదారుసార్లు నొక్కేసరికి జీర్ణాశయంలో 75–80 శాతం తెగి వేరవుతుంది. దాన్ని ఒక రంధ్రంలోంచి మెల్లగా బయటికి లాగేస్తారు. లోపల మిగిలింది అరటికాయలా సన్నగా, వంపుగా ఉంటుంది. టీ కప్పుడు పడితే గొప్ప. తెగిపోయిన పైభాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది. అందుకే చాలామంది "తినలేకపోతున్నా" అనడం కంటే "అసలు ఆకలే అయితలేదు" అంటారు.

కొత్త కిడ్నీ ఇందులో ఎక్కడుంటుంది? పాత కిడ్నీలను సాధారణంగా తీయరు, అవి నడుము వెనక అలాగే ఉంటాయి. కొత్తది పొత్తికడుపులో ఒక పక్కన, తుంటి ఎముక గూట్లో ఉంటుంది. స్లీవ్ ఆపరేషన్ జరిగేది పక్కటెముకల కింద, పైపొట్టలో. కాబట్టి కత్తికీ కిడ్నీకీ మధ్య బెత్తెడు దూరం ఉంటుంది. కాలేయం మార్పించుకున్నవాళ్లలో ఈ సౌకర్యం లేదు. పాత ఆపరేషన్ జరిగిన చోటే ఇదీ జరగాలి, అతుకులు విడదీసుకుంటూ పోవాలి.

కత్తి వరకు ఇదీ సంగతి. అసలు చిక్కు గోలీలది.

టాక్రోలిమస్ కథ 1984లో జపాన్‌లో సుకుబా కొండ దగ్గరి మట్టిలో మొదలైంది. ఆ మట్టిలోని సూక్ష్మజీవి తయారుచేసే పదార్థం అది. దానికి ముందు వచ్చిన సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలోని బూజు నుంచి దొరికింది. మనుషుల ప్రాణాలు నిలబెట్టిన ఈ రెండు మందులూ మట్టిలోంచి వచ్చినవే. టాక్రో గొప్ప మందు, కానీ మహా పెంకిది. మింగినదాంట్లో సగటున నాలుగో వంతే రక్తంలోకి చేరుతుంది. మిగతాదాన్ని చాలావరకు పేగు గోడలోని ఎంజైములు, ఆ తర్వాత కాలేయం విరగ్గొట్టేస్తాయి. ఆ నాలుగో వంతు కూడా మనిషికీ మనిషికీ తేడా. తక్కువైతే శరీరం కిడ్నీ మీద దాడి చేస్తుంది. ఎక్కువైతే ఆ మందే కిడ్నీని పాడుచేస్తుంది, చేతులు వణికిస్తుంది. మధ్యలో ఇరుకు దారి. మొదటి ఏడాది తర్వాత చాలామందికి మిల్లీలీటరు రక్తంలో 5 నానోగ్రాములకు అటూఇటూ ఉండాలని చూస్తారు.

కొత్తపేటలోనో చైతన్యపురిలోనో ఏదైనా డయాగ్నస్టిక్ సెంటర్‌లో పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే ఈ మనుషులు కనిపిస్తారు. జేబులో గోలీ డబ్బా ఉంటుంది, గోలీ వేసుకుని ఉండరు. రాత్రి తొమ్మిదికి వేసుకున్న డోసుకు సరిగ్గా పన్నెండు గంటలయ్యాక, పొద్దుటి డోసుకు ముందు రక్తం ఇవ్వాలి. ఊదారంగు మూత ఉన్న ట్యూబులో తీస్తారు. దూది అదిమిపెట్టుకున్న చేత్తోనే రెండో చేత్తో నీళ్లసీసా అందుకుని గోలీ మింగేస్తారు. అలవాటు కొద్దీ ఇంట్లోనే మింగి వచ్చారనుకోండి, రిపోర్టులో అంకె అబద్ధంగా ఎక్కువ వస్తుంది. అది చూసి డోసు తగ్గిస్తే నష్టపోయేది కిడ్నీ. టెక్నీషియన్ "పొద్దున గోలీ ఏసుకున్నరా?" అని అడగడం మర్యాద కోసం కాదు.

ఇంత జాగ్రత్తగా కుదిర్చిన లెక్కను పొట్ట ఆపరేషన్ కదిలిస్తుంది. బైపాస్‌లో మందు పీల్చుకునే పేగు మొదటి భాగమే దారిలోంచి తప్పుకుంటుంది. బైపాస్ అయిన కిడ్నీ పేషెంట్లలో టాక్రో, అదే పని కోసం ఇచ్చే సిరోలిమస్, మైకోఫినొలేట్ మందులు రక్తంలోకి ఎలా చేరుతున్నాయో 2008లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం కొలిచింది. మామూలు మార్పిడి పేషెంట్ల స్థాయికి రావాలంటే వీళ్లకు ఎక్కువ డోసు ఇవ్వాల్సి ఉంటుందని తేల్చింది. స్లీవ్‌లో దారి మారదు, పేగులు ఉన్నచోటే ఉంటాయి. అందుకే మార్పిడి పేషెంట్లకు ఇప్పుడు చాలా కేంద్రాలు స్లీవ్ వైపే మొగ్గుతున్నాయి. స్లీవ్ తర్వాత కూడా రక్తంలో టాక్రో లెవెల్ కదలదని కాదు. జీర్ణాశయం త్వరగా ఖాళీ అవుతుంది, తిండి మారుతుంది, మొదటి వారాల్లో వాంతులు, విరేచనాలు ఉండొచ్చు. విరేచనాలైతే టాక్రో తగ్గుతుందని మనం అనుకుంటాం. నిజానికి పెరుగుతుంది. మందును విరగ్గొట్టే పేగు గోడ దెబ్బతినడం వల్ల ఎక్కువ మందు రక్తంలోకి జారుతుంది.

ఆపరేషన్ తర్వాత అందరికీ రాసే గ్యాస్ గోలీ సంగతీ ఇలాంటిదే. పాంటోప్రజోల్ జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మైకోఫినొలేట్ మొఫెటిల్ అనే మందు కరగడానికి ఆ ఆమ్లం కావాలి. రెండూ కలిస్తే రెండో మందు తక్కువ చేరుతుంది. పేగులో కరిగే పూతతో వచ్చే మైకోఫినొలేట్ సోడియంకు ఈ ఇబ్బంది లేదు. మారిస్తే సరిపోతుంది, కానీ మార్చాలని గుర్తుండాల్సిన డాక్టరు ఎవరు? పొట్ట కోసినాయనా, కిడ్నీ చూసేవాడా? మన దగ్గర ఇలాంటివి ఇద్దరి మధ్యా జారిపోతుంటాయి.

బైపాస్‌కు ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి ఆక్సలేటు. పాలకూర, తోటకూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు దండిగా ఉంటాయి. మామూలుగా పేగులోని కాల్షియం వాటిని పట్టుకుని మలంలో బయటికి పంపేస్తుంది. బైపాస్ తర్వాత కొవ్వు సరిగా జీర్ణం కాక పేగులో మిగిలి, ఆ కాల్షియంను తాను పట్టేసుకుంటుంది. దిక్కులేని ఆక్సలేటు రక్తంలోకి పోయి, అక్కణ్నుంచి కిడ్నీలోకి చేరి రాళ్లు కడుతుంది. ఒక్కోసారి కిడ్నీ కణజాలంలోనే స్ఫటికాలుగా దిగబడుతుంది. రెండు కిడ్నీలున్నవాడికే అది ప్రమాదం, ఒక్కదాని మీద బతికేవాడికి మరీనూ. రెండోది కాలేయం మార్పించుకున్నవాళ్లకు. వాళ్లలో పిత్తనాళం సన్నబడడం అరుదేం కాదు, ఎండోస్కోపీ గొట్టం నోట్లోంచి పంపి దాన్ని వెడల్పు చేస్తారు. బైపాస్ చేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

మరి స్లీవ్ క్షేమమేనా? క్లిప్పులు వేసిన గీత వెంట ఎక్కడైనా లీకైతే పొట్ట అంతా చీము పడుతుంది. మామూలు మనుషుల్లో అది నూటికి ఒకరికి అటూఇటూ. మార్పిడి పేషెంటుకు రెండు ఇబ్బందులు. స్టెరాయిడ్ వల్ల గాయం నెమ్మదిగా మానుతుంది. లీకైనా జ్వరం, నొప్పి గట్టిగా కనిపించవు, ఎందుకంటే వాటిని కూడా స్టెరాయిడే అణిచేస్తుంది. అలాంటప్పుడు నాడి వేగమే మొదటి హెచ్చరిక. అందుకే మొదటి రోజుల్లో "నొప్పి లేదు కదా" అని ఊరుకోరు, పల్స్ 120 దాటిందా అని చూస్తారు. సిరోలిమస్, దాని కోవకే చెందిన ఎవరోలిమస్ వాడేవాళ్లకు గాయం మానడం ఇంకా కష్టం. కొన్ని వారాల ముందే వాటిని మార్చి మరో మందు పెడతారు. స్టెరాయిడ్ డోసు బాగా తగ్గి, కిడ్నీ నిలకడగా ఉన్నాకే ఆపరేషన్ మాట ఎత్తుతారు, సాధారణంగా మార్పిడి అయిన ఏడాది తర్వాతే.

ఇంటికొచ్చాక మొదటి గండం నీళ్లు. మందు కొలిచే చిన్న కప్పుతో, 30 మిల్లీలీటర్ల చొప్పున, గుటకలు గుటకలుగా రోజంతా తాగుతూ ఉండాలి. గడగడా తాగితే వాంతే. ఏప్రిల్, మే నెలల్లో ఈ నగరంలో అలా లీటరున్నర పూర్తిచేయడం మామూలు విషయం కాదు. ఒంట్లో నీరు తగ్గితే క్రియాటినిన్ ఎగబాకుతుంది. డయాలసిస్ నాడు "నీళ్లు తక్కువ తాగు", ఇప్పుడు "నీళ్లు ఎక్కువ తాగు". డయాలసిస్‌కు ముందు, కిడ్నీలు చెడుతున్న రోజుల్లో పప్పూ మాంసం అనగానే డాక్టరు మొహం చూడాలి, ఇప్పుడు రోజుకు 60 గ్రాముల ప్రొటీనైనా తినమంటారు. పేషెంటుకు తల తిరగడంలో ఆశ్చర్యం లేదు. పండ్లలోనూ ఒకటి మాత్రం వద్దు. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలి, ఆ స్థలం టిమ్స్ ఆస్పత్రికి పోయినా, రోడ్డు పక్క బండ్లకు కొదవ లేదు. వాటి మీద పంపర పనస కనిపిస్తే మాత్రం దాటి వెళ్లాలి. అది పేగులోని ఎంజైమును అడ్డుకుని టాక్రోను అమాంతం పెంచుతుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీల జోలికీ పోకూడదు. కిడ్నీకి అవి చేటు, కోసి కుట్టిన పొట్టకు పుండ్లు.

ఆరు నెలలకు రిపోర్టులు చూసి మురిసిపోయే సందర్భం ఒకటి వస్తుంది. క్రియాటినిన్ 1.4 ఉన్నది 1.1కు దిగింది, కిడ్నీ బాగుపడింది! కావచ్చు. క్రియాటినిన్ కండ నుంచి వచ్చేది. బరువుతో పాటు కండ కూడా కరిగితే, కిడ్నీ ఎలా ఉన్నదలాగే ఉన్నా అంకె దిగుతుంది. అనుమానముంటే సిస్టాటిన్-సి అనే ఇంకో పరీక్ష ఉంది, అది కండ మీద ఆధారపడదు. రక్తహీనత కూడా ఇలా మోసం చేస్తుంది. జీర్ణాశయం తగ్గడంతో బీ12, ఐరన్ తగ్గాయా, లేక మైకోఫినొలేట్ ఎముక మజ్జను అణచిందా? రెంటి చికిత్సా వేరు. విటమిన్లు జీవితాంతం వేసుకోవాల్సిందే. అందులోని ఫోలిక్ యాసిడ్ తయారీ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో, లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో సాధ్యమైందని ఆ గోలీ మింగే తెలుగువాళ్లలో ఎందరికి తెలుసో!

ఫలితాల మాటకొస్తే, పెద్ద లెక్కల్లో మొదటిది 2009లో వచ్చింది. అమెరికా కిడ్నీ రిజిస్ట్రీలోంచి 188 మందిని ఏరి చూశారు. వాళ్లలో 87 మందికి మార్పిడి తర్వాత పొట్ట ఆపరేషన్ జరిగింది. బరువు బాగానే తగ్గారు. కానీ వెయిటింగ్ లిస్టులో ఉండగానో మార్పిడి తర్వాతో చేయించుకున్నవాళ్లలో నెలలోపు మరణాలు 3.5 శాతం. మామూలు మనుషుల్లో ఇవాళ ఆ అంకె వెయ్యికి ఒకరి దగ్గర ఉంటుంది. అయితే ఆ 188 మందివి పాత రోజుల ఆపరేషన్లు. ఇప్పటి స్లీవ్ అనుభవం దానికంటే చాలా మెరుగ్గా ఉంది. బరువు, షుగర్, బీపీ తగ్గుతున్నాయి, కిడ్నీ పోవడం అరుదు. చిక్కులు మాత్రం మార్పిడి లేనివాళ్ల కంటే కొంత ఎక్కువే. మార్పిడికి ముందే స్లీవ్ చేసి, బరువు దించి లిస్టులోకి ఎక్కించడం ఇంకో పద్ధతి. చాలా కేంద్రాలు ఇప్పుడు దీన్నే ఇష్టపడతాయి, ఎందుకంటే అప్పటికింకా స్టెరాయిడ్ మొదలవదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జూలీ హైంబాక్ బృందం 2013లో ఇంకా సాహసం చేసినట్టు రాసింది. ఏడుగురికి కాలేయ మార్పిడి, స్లీవ్ రెండూ ఒకే ఆపరేషన్‌లో చేశారు.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ కింద కిడ్నీ మార్పిడీ, ఆ తర్వాతి మందులూ దొరుకుతాయి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. ప్రైవేటు బీమాలో బరువు తగ్గే ఆపరేషన్‌కు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన ప్రామాణిక షరతు ఉంది. బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండెజబ్బో, నిద్రలో శ్వాస ఆగే తీవ్రమైన జబ్బో, అదుపులో లేని షుగరో ఉండాలి. ఇందాకటి 165 సెంటీమీటర్ల మనిషిని గుర్తుచేసుకోండి. సర్జన్ల సంఘాలు 75 కిలోల దగ్గర ఆలోచించమంటాయి, బీమా కంపెనీ 95 దాకానో 109 దాకానో ఆగమంటుంది. మార్పిడి పేషెంటుకు ఆ 20 కిలోల నిరీక్షణ ఖరీదు కిడ్నీతోనే చెల్లించాల్సి రావచ్చు. ఈ నిబంధన మార్పిడి అయినవాళ్ల విషయంలోనైనా మారాలి.

ఈలోగా బరువు తగ్గించే ఇంజక్షన్లు వచ్చాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికొచ్చాయి. వారానికో సూది. ఆకలిని తగ్గిస్తాయి, జీర్ణాశయం ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. షుగరూ, కిడ్నీ జబ్బూ ఉన్నవాళ్ల మీద జరిగి 2024లో వెలువడిన ఫ్లో అధ్యయనంలో, వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ కిడ్నీకి జరిగే పెద్ద నష్టాలను 24 శాతం తగ్గించింది. కోత లేదు, స్టేప్లర్ లేదు, పేగుల దారి మారదు. కాబట్టి మార్పిడి పేషెంటుకు ఇప్పుడు ముందుగా ప్రయత్నించదగ్గది ఇదేనని చాలామంది కిడ్నీ డాక్టర్లు అంటున్నారు, నాకూ అదే సబబనిపిస్తుంది. కానీ సూది ఆపితే బరువు తిరిగొస్తుంది, నెలనెలా జేబు ఖాళీ అవుతుంది. వాంతులు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి మళ్లీ క్రియాటినిన్ దగ్గరికే వస్తాం. 115 కిలోల మనిషికి సూది చాలకపోవచ్చు కూడా. అలాంటి చోట స్లీవ్‌కు ఇప్పటికీ పని ఉంది.

స్లీవ్‌కే సిద్ధపడితే, ప్యాకేజీ రేటు కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. ఆపరేషన్ అయిన మూడో రోజు టాక్రో లెవెల్ ఎవరు చూస్తారు? రిపోర్టు అదే రోజు వస్తుందా, మర్నాడా? నోటితో గోలీ నిలవకపోతే ఆ డోసు ఎలా ఇస్తారు? రోజుకొకసారి వేసుకునే టాక్రోను నలిపి ఇవ్వకూడదని వార్డు నర్సుకు తెలుసా? మొదటి నెల వారానికి రెండుసార్లు రక్తం ఇవ్వాలంటే ఎల్బీ నగర్‌లో ఇచ్చిన రిపోర్టు ఆ కిడ్నీ డాక్టరు వాట్సాప్‌కు చేరే ఏర్పాటు ఉందా? వీటికి సర్జన్, కిడ్నీ డాక్టర్ ఇద్దరూ ఒకే జవాబు చెప్పాలి. ఒకరు "ఆయన్నడగండి" అంటే, ఇంకో ఆస్పత్రి చూసుకోవడం మేలు.